ఆటలతో పొగాకు మానగలమా?



ఈ మధ్య మన యూనియన్ ఆఫీసులో ఒక తమాషా జరిగింది. మన సభ్యుడొకాయన కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు షోలాపూర్ వస్తూ కాలేజీ నుంచి ఒక పరికరం వెంట తెచ్చాడు. చూడటానికి వెల్డింగు పనివాళ్ళ ముసుగులా ఉంది. కళ్ళకు కట్టుకుంటే ఎదురుగా ఉన్న గోడ మాయమై ఇంకో లోకం కనపడుతుంది. తల తిప్పితే ఆ లోకమూ మనతో తిరుగుతుంది. దీన్ని వర్చువల్ రియాలిటీ అంటున్నారు. రెండు చేతుల్లో రెండు పిడులు పట్టుకొని, మీదికి దూసుకొచ్చే దిమ్మలను నరకడం అందులో ఆట.

మన ఆఫీసులో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అరచేతిలో ఖైనీ నలుపుతూ కూర్చునే పెద్దాయన ఒకరున్నారు. మిల్లులో జాబర్‌గా చేసి దిగినవారు. అందరూ బలవంతం చేసి ఆయనకు ఆ ముసుగు కట్టారు. ఇక చూడండి! పది నిమిషాలపాటు ఆయన గాలిలో చేతులు విసురుతూనే ఉన్నారు. ఒక కుర్చీ తన్నేశారు. గోడ మీది క్యాలెండరు చింపేశారు. చివరికి ముసుగు తీసి, చెమట తుడుచుకొని, "ఒరే, ఇంతసేపూ నాకు తంబాకు యాదికే రాలేదురా" అన్నారు. ఆ మాట అంటూనే జేబులోంచి డబ్బీ తీశారు. అందరం నవ్వాం.

నవ్వాం గాని, ఆ పది నిమిషాల సంగతి మమ్మల్ని వదల్లేదు. ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి అడిగాం. విదేశాల్లో ఈ ముసుగులతోనూ, ఫోను ఆటలతోనూ సిగరెట్టు మానిపించే ప్రయత్నాలు చేశారని చెప్పాడు. మాకు వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం. అతడు చదివి చెప్పాడు, మేము రాసుకున్నాం. అందులో మనకు పనికొచ్చేది ఉందని మా అభిప్రాయం. మనం జాగ్రత్త పడవలసిందీ ఉంది. కనుక ఈసారి ఈ పేజీని బోనసు గురించి కాకుండా దీని గురించి రాస్తున్నాం. కొందరు మిత్రులు కోప్పడవచ్చు.

ముందు కెనడా సంగతి. అక్కడి క్యూబెక్ రాష్ట్రంలో చేసిన ఒక పరీక్ష ఫలితం 2009లో అచ్చయింది. పొగ తాగే 91 మందిని తీసుకొని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేశారు. రెండు గుంపులకూ పన్నెండు వారాలపాటు ఒకే రకమైన సలహాలు, ఒకే రకమైన ఆసరా ఇచ్చారు. రెండు గుంపులనూ నాలుగుసార్లు ఆ కళ్ళద్దాల లోకంలోకి పంపారు. తేడా ఒక్కటే. ఒక గుంపువాళ్ళు అందులో బంతులు వెతికి పట్టుకోవాలి. రెండో గుంపువాళ్ళు సిగరెట్లు వెతికి పట్టుకొని చేతితో నలిపెయ్యాలి. పన్నెండో వారంలో నోటి గాలి పరీక్ష చేసి చూస్తే, బంతులు పట్టినవాళ్ళలో నూటికి ఇద్దరు మానారు. సిగరెట్లు నలిపినవాళ్ళలో నూటికి పదిహేనుమంది మానారు. ఆరు నెలల తరువాత అడిగితే, గడిచిన వారంలో ముట్టలేదని చెప్పినవాళ్ళు మొదటి గుంపులో నూటికి ఇరవై, రెండో గుంపులో ముప్పై తొమ్మిది. అంతేకాదు, సిగరెట్లు నలిపినవాళ్ళు ఆ కార్యక్రమాన్ని మధ్యలో వదిలి వెళ్ళడం కూడా ఆలస్యమయింది.

ఈ లెక్కను రెండు వైపులనుంచీ చదవాలి. రెండుకూ పదిహేనుకూ తేడా చిన్నది కాదు. అయితే పన్నెండో వారానికి నూటికి ఎనభై అయిదుమంది మానలేదన్న మాట కూడా అందులోనే ఉంది. దుకాణంలో ఈ పరికరం అమ్మేవాడు మొదటి సగమే చెబుతాడు. యూనియన్ పత్రిక రెండో సగం కూడా చెప్పాలి.

మమ్మల్ని ఆలోచింపజేసింది ఆ చెయ్యి. ఊపిరితిత్తులు చెడతాయని అక్కడ రెండు గుంపులకూ తెలుసు. కొత్తగా ఏమీ తెలియకపోయినా చేతికి వేరే పని దొరికితే ఫలితం మారింది. పొగాకు అలవాటు నోట్లో కంటే ముందు చేతిలో ఉంటుందని ఖైనీ నలిపే మనవాళ్ళకు వేరే చెప్పాలా? ఎడమ అరచేతిలో ఆకు, గోటితో తీసిన సున్నం, కుడి బొటనవేలితో రుద్దడం, రెండు చరుపులు చరచడం, ఊదడం, పెదవి కింద పెట్టుకోవడం. సగం సుఖం ఆ పనిలోనే అయిపోతుంది. బీడీ వాడికి కట్ట విప్పడం, బీడీని వేళ్ళ మధ్య తిప్పడం, అగ్గిపుల్ల గీసి చేతులు అడ్డం పెట్టడం.

అమెరికాలో, ముఖ్యంగా హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో, ఇంకో దారి పట్టారు. కళ్ళద్దాల లోకంలో ఒక విందు గది తయారుచేశారు. మనుషులు తాగుతూ, సిగరెట్లు కాలుస్తూ, "నువ్వూ ఒకటి వెలిగించు" అంటుంటారు. పొగ తాగే మనిషిని అందులో నిలబెడితే, అది బొమ్మల గది అని తెలిసినా అతడికి నిజంగానే తల్లడం పుడుతుంది. ఏ సిగరెట్టూ లేని గదిలో నిలబెడితే అంతగా పుట్టదు. తల్లడం పుట్టిన చోటనే దాన్ని దాటడం నేర్పాలన్నది వాళ్ళ పద్ధతి. ఆస్పత్రి గదిలో కూర్చుని "మానేస్తాను డాక్టరుగారూ" అనడం సులువు. గేటు బయట చాయ్ టపరీ దగ్గర, షిఫ్టు దిగిన నలుగురు చుట్టూ ఉండగా అనడమే కష్టం. అందుకే టపరీని గదిలోకి తెచ్చారన్నమాట. మనకైతే ముసుగు అక్కర్లేదు, టపరీ గేటు దగ్గరే ఉంది!

ఇక మూడోది. ఇది మనందరి జేబుల్లోనూ పట్టేది. టెట్రిస్ అనే ఆట పిల్లలకు తెలుసు. పైనుంచి రకరకాల ఆకారాల దిమ్మలు పడుతుంటాయి, వాటిని తిప్పి సందుల్లో ఇమడ్చాలి. 1984లో మాస్కోలో పుట్టిన ఆట. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్ళు 31 మంది విద్యార్థులతో వారం రోజులు పరీక్ష చేసి 2015లో ప్రకటించారు. రోజుకు ఏడుసార్లు ఫోనులో "ఇప్పుడు దేనిమీదికైనా మనసు లాగుతున్నదా?" అని అడిగారు. సిగరెట్టు, కాఫీ, బీరు, తిండి, ఏదైనా కావచ్చు. సగంమందికి మూడు నిమిషాలు టెట్రిస్ ఆడమన్నారు. ఆడినప్పుడు ఆ లాగుడు నూటికి 70 నుంచి 56కు దిగింది. వాళ్ళు చెప్పే కారణం సబబుగానే ఉంది. మనసు లాగినప్పుడు ఆ వస్తువు బొమ్మ మనసులో కదులుతుంది. దిమ్మలను ఎక్కడ ఇమడ్చాలా అని కళ్ళు వెతుకుతుంటే ఆ బొమ్మకు చోటు చాలదు. అయితే ఇందులో కొలిచింది లాగుడునే. ఎంతమంది మానారన్నది ఆ పరీక్ష చూడలేదు.

ఈ కారణాన్ని మనం ఏ విశ్వవిద్యాలయానికీ వెళ్ళకుండా నమ్మవచ్చు. ఆరు సాంచాలు నడిపేవాడికి పోగు తెగినప్పుడు బీడీ గుర్తుకు వస్తుందా? కండె మార్చాలి, ముడి వెయ్యాలి, పక్క సాంచా ఆగకముందే దాని దగ్గరికి పోవాలి. ఎప్పుడు గుర్తుకు వస్తుంది? కరెంటు పోయినప్పుడు. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, చెవుల్లో హోరు మాత్రం మిగిలి, చేతులకు పని లేకుండా పోయిన ఆ క్షణాన షెడ్డు మొత్తం జేబులు తడుముకుంటుంది. మేము మిల్లులో చేరిన కొత్తలో చూశాం, మాకు బీడీ నేర్పింది కూడా అటువంటి ఖాళీ నిమిషాలే. ఇరవై ఏళ్ళు తాగాం. మూడుసార్లు మానాం. రెండుసార్లు గేటు మీటింగులోనే మళ్ళీ మొదలుపెట్టాం, ఉపన్యాసానికి ముందు గొంతు కోసమని ఎవరో ఇస్తే. కనుక ఇది పెద్దమనిషి పైనుంచి చెప్పే నీతి అని ఎవరూ అనుకోవద్దు.

ఇప్పుడు మా అభ్యంతరాలు.

పైన చెప్పిన అద్దాల లోకాల్లో ఉన్నది సిగరెట్టు. మన దగ్గర ఉన్నది వేరు. 2016-17లో ప్రభుత్వం దేశమంతటా చేసిన సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి 28.6 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. అందులో సిగరెట్టు వాళ్ళు నూటికి నలుగురు, బీడీ వాళ్ళు 7.7, ఖైనీ వాళ్ళు 11.2. మన మహారాష్ట్రలో పొగ తాగేవాళ్ళు నూటికి 3.8 మందే, నమిలేవాళ్ళు, పళ్ళకు రుద్దుకునేవాళ్ళు 24.4. ఇక్కడ ఖైనీ, మావా, ఆడవాళ్ళకు మిశ్రీ. 2012లో రాష్ట్రంలో గుట్కా నిషేధించారు గాని, దొరకని గల్లీ ఏదో చూపించండి. ఆంధ్ర దేశపు చుట్ట మన తాతలతోనే ఇక్కడ తగ్గిపోయింది. అటువంటి మనకు సిగరెట్టును నలిపే ఆట తెచ్చి పెడితే ప్రయోజనం కొంతే. డబ్బీని కాలువలో విసిరే ఆట ఎవరైనా తయారుచేస్తే అప్పుడు మాట్లాడదాం. ఆ ఇంజనీరింగు కుర్రాడితో ఈ మాటే అన్నాం. చేస్తానన్నాడు, పరీక్షలయ్యాక.

ఇంతకంటే పెద్ద అభ్యంతరం ఇంకొకటుంది. మిల్లు మనిషి ఎందుకు నములుతాడు? ఖాతాలో దూది ఉంది, నిప్పు వెలిగించరాదు. అది న్యాయమే. బయటికి వెళ్ళి రావడానికి వదలరు. పన్నెండు గంటల పాళీ, అందులో రాత్రి రెండు గంటలకు కళ్ళు మూసుకుపోతాయి. కన్ను మూతపడితే బట్టలో తప్పు పడుతుంది, తప్పు పడితే కూలిలో కోత. ఆ కోత నుంచి తప్పించుకోవడానికి పెదవి కింద చిటికెడు పెట్టుకుంటాడు. అతడికి పొగాకు విలాసం కాదు, పనిముట్టు. ఐదు గంటల పనికి అరగంట విరామం అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. ఒకే కప్పు కింది షెడ్డును నాలుగు పేర్లతో నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదాంట్లో పదిమంది లోపే చూపించే యజమానులకు ఆ చట్టం ఏనాడూ అంటలేదు. పన్నెండు గంటల పాళీని అలాగే ఉంచి, మూలన ఒక ముసుగు వేలాడదీసి, "మీ ఆరోగ్యం కోసం ఆట పెట్టాం, ఆడుకోండి" అంటే మనం ఒప్పుకోరాదు. విరామం ఇవ్వండి. ఆ విరామంలో మా వాళ్ళు ఆట ఆడుకుంటారో, నిద్రపోతారో మేము చూసుకుంటాం.

ఈ అనుమానానికి కారణం ఉంది. మేము పనిచేసిన రోజుల్లో కార్డింగు ఖాతాలో ఒకాయన ఉండేవారు. ఆదివారం సెలవు గడిచి సోమవారం ఖాతాలోకి రాగానే ఆయనకు రొమ్ము బిగపట్టేది. మంగళ, బుధవారాలకు కొంచెం సర్దుకునేది. రానురాను వారమంతా అదే ఆయాసం. ఇది దూది ధూళి రోగం లక్షణమని, బిస్సినోసిస్ అంటారని, ఉద్యోగం వల్ల వచ్చే వ్యాధుల జాబితాలో అది ఉందని మాకు తరువాత తెలిసింది. ఆయన్ని చూసిన డాక్టరు కాగితం మీద "బీడీ తాగే అలవాటు ఉంది" అని రాశారు. ధూళి మాట రాయలేదు. ఆ ఒక్క వాక్యంతో పరిహారం అడిగే దారి మూసుకుపోయింది. ఆయన బీడీ తాగిన మాట నిజం. ఇరవై రెండేళ్ళు దూది ధూళి పీల్చిన మాట కూడా నిజం. రెండూ కలిస్తే రొమ్ముకు మరింత చేటు అని వైద్యులే చెబుతారు. అలాంటప్పుడు ఒకటి రాసి ఒకటి వదిలెయ్యడం ఏమి న్యాయం?

కొందరు మిత్రులు ఇందుకే, "మనం పొగాకు గురించి మాట్లాడితే యజమాని చేతికి ఆయుధం ఇచ్చినట్టే" అంటారు. మేము కూడా చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాం. మా లెక్క తప్పని ఇప్పుడు అనిపిస్తున్నది. మనం మాట్లాడకపోయినా ఆ వాక్యం కాగితం మీదికి వస్తూనే ఉంది. మానిన మనిషి కాగితం మీద ఆ వాక్యం రాయలేరు. అప్పుడు ధూళి ఒక్కటే మిగులుతుంది, దానికి జవాబు చెప్పవలసింది యజమాని.

అందువల్ల ఏ యాజమాన్యమైనా ఇటువంటి కార్యక్రమం పెడతామని వస్తే మన షరతు ముందే చెప్పాలి. ఎవరు ఎన్ని తాగుతారు, ఎవరు మానలేకపోయారు అన్న వివరాలు టైంకీపరు దగ్గరికి పోకూడదు. ఈ యంత్రాలు, ఫోనులోని యాప్‌లు ఆడినంతసేపూ ఆడేవాడి సంగతులు రాసుకుంటూనే ఉంటాయని ఆ పిల్లవాడే చెప్పాడు. డాక్టరు రాసిన ఒక్క వాక్యానికే ఆ గతి పట్టింది. యంత్రం రాసే వేల వాక్యాలను ఎవరు చదువుతారో మనం అడగాలి కదా.

ఆట అనగానే ఇంకో భయం. మూడు నిమిషాల ఆట కోసం తీసిన ఫోనులో రమ్మీ ప్రకటన వస్తుంది. జీతం రోజు సాయంత్రమే వారం కూలి ఫోను పేకాటలో పోగొట్టుకొని మన ఆఫీసు మెట్ల మీద కూర్చున్న కుర్రవాళ్ళను చూశాం. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. గుట్కా నిషేధం ఎలా అమలయిందో చూసినవాళ్ళం కనుక దీన్నీ కనిపెట్టి చూద్దాం. ఆడితే డబ్బు అడగని ఆట, ప్రకటనలు రాని ఆట పిల్లల చేత ఫోనులో పెట్టించుకోండి.

ఇక మన ఇళ్ళలోని మాట. రాయకుండా తప్పించుకోవచ్చు గాని అది పిరికితనం అవుతుంది. షోలాపూర్‌లో మగవాడు సాంచా మీద ఉంటే ఇంట్లో ఆడమనిషి ఒళ్ళో చేట పెట్టుకొని తునికాకు కత్తిరిస్తూ ఉంటుంది. వెయ్యి బీడీలు చుడితే వచ్చే కూలితోనే మిల్లులు మూతపడిన రోజుల్లో ఎన్ని కొంపలు నిలబడ్డాయో మనకు తెలుసు. మా కొంప కూడా. ఈ వ్యాసం చదివి వినిపిస్తే మా ఇంటావిడ, "మీరంతా మానేస్తే మా కార్ఖానా మూస్తారు, అప్పుడు యూనియన్ పెడుతుందా తిండి?" అని అడిగింది. మా దగ్గర మంచి జవాబు లేదు. మన షెడ్డుల్లో వందమంది మానినంత మాత్రాన దేశంలో బీడీ ఆగదని అన్నాం. అది తప్పించుకునే జవాబేనని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ పొడి మధ్య రోజంతా కూర్చున్న ఆమె దగ్గు మేము రాత్రుళ్ళు వింటూనే ఉన్నాం. బీడీ చుట్టే చేతులకు ఇంకో పని చూపించకుండా బీడీ మానమని చెప్పడం సగం మాటే. రెండో సగం కోసం బీడీ కార్మికుల సంఘాలతో కూర్చొని మాట్లాడాలని మేము కార్యవర్గానికి రాసి ఇచ్చాం.

అంతవరకు చేతిలో ఉన్నదేమిటి? ప్రభుత్వపు ఉచిత ఫోను నంబరు 1800-11-2356. ఢిల్లీలోని వల్లభభాయి పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో 2016లో మొదలయింది; 2018లో ముంబై టాటా మెమోరియల్‌కూ బెంగుళూరు నిమ్హాన్స్‌కూ విస్తరించారు. అవతల మనిషే మాట్లాడతాడు, డబ్బు అడగరు. పొగాకు ప్యాకెట్ మీదే ఈ నంబరు అచ్చు వేస్తున్నారు, ఎవరూ చదవరు. నికొటిన్ చూయింగ్ గమ్మును 2022లో కేంద్ర ప్రభుత్వం అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. కనుక ఇ.ఎస్.ఐ. దవాఖానాలో అది ఉందా అని అడగండి. లేదంటే లేదని రాసి ఇమ్మనండి, ఆ కాగితం మాకు తెచ్చి ఇవ్వండి. కెనడాలో రెండు గుంపులకూ పన్నెండు వారాలు మనుషులే వెంట ఉండి ఆసరా ఇచ్చారని పైన రాశాం. ముసుగు దానికి తోడు వచ్చింది, అంతే. ముసుగు మన దగ్గర లేదు. పన్నెండు వారాలు ఒకరి వెంట ఒకరు నిలబడే మనుషులు మాత్రం ప్రతి షెడ్డులోనూ ఉన్నారు.

వచ్చే నెల నుంచి ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు మన ఆఫీసులో మానదలచినవాళ్ళు కలుస్తారు. పేర్లు రాయం. రిజిస్టరు ఉండదు. ఖైనీ వాళ్ళూ, బీడీ వాళ్ళూ, మిశ్రీ రుద్దే అక్కలూ ఎవరైనా రావచ్చు. ఆ పిల్లవాడు కాలేజీకి వెళ్ళేలోపు టెట్రిస్‌ను ఫోనులో ఎలా పెట్టుకోవాలో చూపిస్తానన్నాడు. కరెంటు పోయినప్పుడు జేబులోకి వెళ్ళే చెయ్యి డబ్బీకి బదులు ఫోను తీసి మూడు నిమిషాలు ఆడాలి. ఆడాక కూడా మనసు లాగితే పక్క సాంచా మనిషితో చెప్పాలి. ఒక నెల చేసి చూద్దాం. ఎంతమంది మానారో, ఎంతమంది మానలేదో రెండు లెక్కలూ ఈ పేజీలోనే వేస్తాం.

జాబరుగారి సంగతి ఏమయిందని ఇప్పటికే కొందరు అడుగుతున్నారు. మనవడి ఫోనులో దిమ్మల ఆట నేర్చుకున్నారు. రోజుకు రెండు డబ్బీలు అయ్యేవి, ఇప్పుడు ఒకటిన్నర అంటున్నారు. మనవడు మాత్రం తన ఫోను తనకు దొరకడం లేదని ఏడుస్తున్నాడు.